స్కార్‌విక్ మిల్లులో ఏడో నంబరు తప్పు

మంగళవారం పొద్దున్నే రాగ్నా లిల్లెబో ఆఫీసు తలుపు తోసుకుని ఓ అమ్మాయి వచ్చింది. కంగారులో వానకోటు బొత్తాలు ఒక కాజాలోది ఇంకో కాజాలో పెట్టుకుంది. ఎదురుగా కనబడిన మనిషినే అడిగేసింది.

"డిటెక్టివ్ మీరేనా అండీ?"

"నేను కాఫీ పెట్టేవాణ్ణమ్మా. డిటెక్టివ్ ఆవిడ," అన్నాడు ఓడ్వార్, కిటికీ దగ్గర కూర్చుని స్వెటర్ మోచేతికి అతుకు వేసుకుంటున్న పొట్టి మనిషిని చూపిస్తూ. ముప్ఫై ఏళ్ళు ఫెర్రీ మీద టికెట్లు చింపి రిటైరైన ఓడ్వార్, ఆరేళ్ళుగా రాగ్నాకు సహాయకుడు. రాగ్నా బుర్ర పనిచేసే తీరు దగ్గరుండి చూడటం కోసమైతే జీతం లేకపోయినా వచ్చేవాడు. ఆ సంగతి ఆవిడకు మాత్రం చెప్పలేదు.

అమ్మాయి పేరు సిన్నోవె. స్కార్‌విక్ అల్లిక మిల్లులో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం, చేరి ఐదు నెలలు. అమ్మానాన్నలు చేపలు శుభ్రం చేసే షెడ్డులో పనిచేస్తారు. ఆ ఇంట్లో డిగ్రీ చదివింది ఈ పిల్ల ఒక్కతే.

"డిజైన్ గది కంప్యూటర్లో ఆపరేటింగ్ సిస్టమ్ మరీ పాతదైపోయింది. శుక్రవారం మధ్యాహ్నం కొత్తది వేశాను," అంది సిన్నోవె. "అల్లిక నమూనాలు గీసే ప్రోగ్రామ్ ఇంకా పాతది. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొత్త సిస్టమ్ మీద అది మొరాయించింది. పాత పద్ధతిలో నడిచేట్టు ఒక్కొక్కటే సర్దుకుంటూ పోతే, నాలుగింటికి తెరుచుకుంది! నక్షత్రం నమూనా ఒకటి ప్రింటు కూడా తీశాను. సోమవారం వచ్చి చూస్తే 'ఏడో నంబరు తప్పు' అని చూపించి మూసుకుపోతోంది."

"ఆ ప్రింటు ఏదీ?"

"చిత్తు కాగితాల ట్రేలో పడేశాను. ఇప్పుడు లేదు. నాలుగింటికి అందరూ ఇళ్ళకెళ్ళిపోయారు, చూసినవాళ్ళెవరూ లేరు. మే పదిహేడు జాతీయ దినోత్సవం ఊరేగింపుకి బ్యాండు పిల్లలకు అరవై స్వెటర్లు అల్లాలి. నమూనా ఆ ప్రోగ్రామ్‌లోనే ఉంది. రేపు మధ్యాహ్నానికి అది తెరుచుకోకపోతే నన్ను తీసేస్తానన్నాడు మా యజమాని హాల్‌వార్. ఉద్యోగంలోంచి తీసేసే కాగితం టైపు చేసి సొరుగులో పెట్టుకున్నాడు కూడా." ఆ అమ్మాయి వానకోటు బొత్తాలు విప్పి సరిగ్గా పెట్టుకోసాగింది. "ఇంట్లో ఇంకా చెప్పలేదండీ."

రాగ్నా దారం కొరికి సూది పక్కన పెట్టింది. "శని, ఆదివారాల్లో మిల్లు మూసే ఉందా?"

"ఆదివారం మూసే ఉంది. శనివారం దుగ్నాద్ చేశాం. ఏడాదికోసారి ఉంటుందిగా, ఊడ్చడం, తుడవడం, రంగులు వెయ్యడం. యజమాని దగ్గర్నుంచి అందరం చెయ్యాల్సిందే."

"ఓడ్వార్, పదిన్నర ఫెర్రీ దొరుకుతుందా?"

"నేను వస్తున్నానంటే ఆగుతుంది," అన్నాడు ఓడ్వార్ టోపీ అందుకుంటూ.

మిల్లు గోడలు ఒడ్డున ఎర్రగా, కొత్త రంగుతో మెరుస్తున్నాయి. యజమాని హాల్‌వార్ గుమ్మంలోనే ఎదురయ్యాడు. "డిటెక్టివ్‌నా తీసుకొచ్చింది! కంప్యూటర్ పాడు చేసినదెవరో నాకు తెలుసు. పన్నెండింటికి పాత సిస్టమ్ తీసేస్తుంటే నా కళ్ళతో చూశాను. ఆ తర్వాత ప్రోగ్రామ్ మళ్ళీ తెరుచుకున్నదే లేదు."

"అయితే నాకు పని తక్కువే," అంది రాగ్నా. "శనివారం మీరేం చేశారు?"

"నేనా? రంగు వేశాను. అదిగో, ఆ పైన, చూరు కింద," అన్నాడు హాల్‌వార్. చెయ్యి చూపించాడు గాని తల ఎత్తలేదు.

డిజైన్ గదిలో నమూనాలు గీసే గుడ్నీ ఉంది. అరవై దాటిన మనిషి, మెడలో కొలత టేపు. "పదిహేడేళ్ళు నాకు తోడున్న ప్రోగ్రామండీ ఇది," అంది. "అమ్మినతను కంప్యూటర్‌తో సహా తనే తెచ్చి, వెనకాల ఏవో బిగించి, ప్రింటర్‌ని మాత్రం కదపొద్దని మరీ మరీ చెప్పి వెళ్ళాడు. మేమూ కదపలేదు."

రాగ్నా కంప్యూటర్ జోలికే పోలేదు. ప్రింటర్ ఉన్న బల్ల మీదికి వంగింది. ఓడ్వార్ కూడా వంగాడు. చెక్క మీద నాలుగు తెల్లటి గుండ్రటి మచ్చలు. ప్రింటర్ కాళ్ళు వాటి మీద లేవు, కంప్యూటర్ వైపు మూడు వేళ్ళ మేర జరిగి ఉన్నాయి. ప్రింటర్ కేబుల్ బిగుసుకుపోయి ఉంది. 'తుడిచేటప్పుడు జరిపుంటారు, ఇందులో ఏముంది' అనుకున్నాడు ఓడ్వార్. రాగ్నా బుగ్గ మీద సొట్ట కనబడేసరికి ఆ ఆలోచన వెనక్కి తీసుకున్నాడు. ఆవిడకు ఏదైనా దొరికితేనే ఆ సొట్ట పడుతుంది.

"ఈ గది శుభ్రం చేసింది ఎవరు?"

"ఐలిఫ్," అంది గుడ్నీ. "పనుల పట్టిక రాసింది నేనేగా."

ఐలిఫ్ మిల్లు మెకానిక్. తాడిచెట్టంత మనిషి. పిలిస్తే వచ్చాడు, వెనకాలే హాల్‌వార్ కూడా. "అవును, నేనే ఊడ్చాను," అన్నాడు చేతులు వెనక్కి పెట్టుకుంటూ. పెట్టుకునే ముందు అతని గడియారం పట్టీ మీద ఎర్ర చుక్కలు ఓడ్వార్ కంట పడ్డాయి.

"ఏవైనా తీశావా? ఏవైనా పారేశావా?"

"దుమ్ము పారేశాను."

"దుమ్ము తప్ప?"

ఐలిఫ్ హాల్‌వార్ వైపు చూశాడు. హాల్‌వార్ కిటికీ వైపు చూశాడు.

మధ్యాహ్నం అందరూ కాఫీ గదిలో చేరారు. గుడ్నీ రాగ్నాకు కప్పు నిండా పోసింది. "భయం లేదు, నిండుగానే తాగండి. ఈ బల్ల ఎన్నాళ్ళుగానో ఊగుతుండేది, సగం సగమే పోసుకునేవాళ్ళం. ఈ వారం ఏమొచ్చిందో, బుద్ధిగా ఉంది."

గోడ మీది బోర్డు పైకొసన శనివారం పనుల పట్టిక ఇంకా గుచ్చి ఉంది. "హాల్‌వార్, నాకు అందదు. ఆ కాగితం కాస్త తీసిస్తారా?" అంది రాగ్నా. పక్కనే రెండు మెట్ల స్టూలు ఉంది. హాల్‌వార్ దానికేసి చూసి, "ఐలిఫ్, అది తీసివ్వు," అన్నాడు. ఐలిఫ్ స్టూలు అవసరం లేకుండానే అందుకున్నాడు.

రాగ్నా పట్టిక చదివింది. "డిజైన్ గది, ఐలిఫ్. చూరు కింద రంగు, నిచ్చెన పని, హాల్‌వార్." తర్వాత కాగితం తిప్పింది. వెనక నక్షత్రం నమూనా. కింద చిన్న అక్షరాల్లో శుక్రవారం తేదీ, నాలుగు గంటల ఎనిమిది నిమిషాలు.

"అయ్యో! శనివారం పొద్దున పట్టిక రాద్దామని చిత్తు ట్రేలోంచి తీసుకున్నాను," అంది గుడ్నీ నోటి మీద చెయ్యి వేసుకుని. "వెనక్కి తిప్పి చూడనేలేదు!"

"పాత సిస్టమ్ పన్నెండింటికే పోయిందని హాల్‌వారే చెప్పారు," అంది రాగ్నా. "అంటే నాలుగింటికి ప్రోగ్రామ్ నడిచింది కొత్త సిస్టమ్ మీదే. సిన్నోవె పని సరిగ్గా చేసింది. పాడైంది శనివారం."

సిన్నోవె కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది.

"పదిహేడేళ్ళలో కదలని ప్రింటర్ శనివారం మూడు వేళ్ళు జరిగింది. ఎందుకు? కేబుల్ చాలక. కేబుల్ ఎందుకు చాలలేదు? దానికీ కంప్యూటర్‌కీ మధ్య ఉన్న ముక్క ఒకటి పోయింది గనక. ఆ రోజుల్లో ఖరీదైన ప్రోగ్రాములకు అగ్గిపెట్టెంత డాంగిల్ ఇచ్చేవాళ్ళు, దొంగ కాపీలు వాడకుండా. అది వెనక బిగించి ఉంటేనే ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది. సిన్నోవె వయసువాళ్ళు దాన్ని చూసి ఉండరు."

"మరి తీసింది ఐలిఫా?" అంది గుడ్నీ.

"ఐలిఫ్ గడియారం పట్టీ మీద గోడ రంగుంది. ఊడ్చినవాడికి రంగెలా అంటుతుంది? నిచ్చెన ఎక్కింది ఇతను. పనులు మార్చుకున్నారు." రాగ్నా గొంతు మెత్తబడింది. "రెండు మెట్ల స్టూలు కూడా ఎక్కలేని మనిషి చూరు దాకా ఎక్కలేడు కదా, హాల్‌వార్?"

హాల్‌వార్ చెవులు గోడ కన్నా ఎర్రబడ్డాయి. "మా నాన్న ఈ మిల్లు కప్పు తన చేతుల్తో వేశాడు," అన్నాడు చివరికి. "నాకు నిచ్చెన చూస్తేనే కాళ్ళు వణుకుతాయి. పట్టికలో అందరి ముందూ నా పేరు రాసేసింది గుడ్నీ. ఎలా కాదనను? ఐలిఫ్‌ని బతిమాలుకున్నాను."

"ఎవరికీ చెప్పనని మాటిచ్చాను," అన్నాడు ఐలిఫ్. "ఆయన అక్కడ ఏం పీకాడో నాకేం తెలుసు!"

"బూడిద రంగు దిమ్మ," అన్నాడు హాల్‌వార్. "కేబుల్‌ని అనవసరంగా పొడుగు చేస్తోందనుకున్నాను. తీసినా ప్రింటర్ బాగానే పనిచేసింది. దీనివల్లనని నిజంగా తోచలేదు."

"పారేశారా?" సిన్నోవె లేచి నిలబడింది.

"స్క్రూలున్న వస్తువు నేనెందుకు పారేస్తాను?"

"పారెయ్యలేదు," అంది రాగ్నా తన నిండు కప్పు చూపిస్తూ. "ఒక్క చుక్క ఒలకలేదు, చూశారా?"

అందరికన్నా ముందు సిన్నోవె బల్ల కింద దూరింది. "ఉంది!" అని అక్కణ్ణించే అరిచి, బల్ల కాలి కింద దూర్చిన ముక్కను లాగింది. బల్ల ఒక పక్కకు ఒరిగింది. రాగ్నా కాఫీ అంతా హాల్‌వార్ ప్యాంటు మీదికి పోయింది.

డాంగిల్ బిగించడానికి రెండు నిమిషాలు పట్టింది. ప్రింటర్ పాత మచ్చల మీదికి తిరిగి వెళ్ళింది. ప్రోగ్రామ్ మెల్లగా, ముసలివాళ్ళు కుర్చీలోంచి లేచినట్టు లేచి, తెర నిండా నక్షత్రాలు పరిచింది. గుడ్నీ కళ్ళు తుడుచుకుంది. "ఎందుకీ ఏడుపు?" అన్నాడు ఐలిఫ్. "ఇది లేవకపోతే అరవై స్వెటర్లు నువ్వు అల్లేవాడివా మరి!" అందావిడ.

కాఫీ గదికి తిరిగొచ్చేసరికి హాల్‌వార్ తడి ప్యాంటుతో నిలబడి ఉన్నాడు. "సిన్నోవె, అడక్కుండా నీ మీద నింద వేశాను. తప్పు నాదే. నీ ఉద్యోగం నీదే, శాశ్వతంగా." సొరుగులోంచి తెచ్చుకున్న టైపు కాగితం జేబులోంచి తీశాడు. సిన్నోవె దాన్ని గుర్తుపట్టింది. హాల్‌వార్ దాన్ని రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా మడిచాడు. మోకాళ్ళ మీద వంగి బల్ల కాలి కింద దూర్చాడు. పైన చెయ్యి పెట్టి ఊపి చూశాడు.

బల్ల కదల్లేదు.

"ఓడ్వార్," అంది రాగ్నా, "ఈసారి కాఫీ నువ్వే పొయ్యి. నిండా."