పిన్నిని నమ్మని పూచీపెట్టె

లాస్య చేతిలోంచి స్టీరింగు లాక్కున్నది మీరే. నిశ్చింత బీమా వాళ్లూ, ఆ పెట్టెను కనిపెట్టిన మేధావులూ, దాన్ని చట్టం చేసి కూర్చున్న పెద్దలూ. మీరే. తప్పు యంత్రం మీదికి తోసెయ్యకండి. ఏం అడగాలో దానికి నేర్పింది మీరు.

జరిగింది ఇది.

2074వ సంవత్సరం. కోనసీమ దిగువన సముద్రం లోపలికి వచ్చి ముప్పై ఏళ్లయింది. ఊళ్లన్నీ దిబ్బల మీదికి చేరాయి. దిబ్బకీ దిబ్బకీ మధ్య కాజ్‌వే, అంటే నీళ్లకు అడ్డంగా వేసిన కట్టరోడ్డు. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి దాన్ని ముంచుతుంది, పాటు వేళకు మళ్లీ తేలుతుంది. దేశమంతటా తమంతట తామే నడిచే కార్లు తిరుగుతున్నాయి గానీ ఇక్కడ అవి పనికిరావు. కదిలే నీళ్ల మీద వాటి కెమెరాలకు అలలూ రోడ్డూ ఒకలాగే కనిపిస్తాయి. నాలుగు కార్లు వరసగా సముద్రంలోకి నడిచి వెళ్లిపోయాక ప్రభుత్వం మేలుకుంది. దేశం తీరమంతటా కాజ్‌వేల మీద స్టీరింగు మనిషి చేతిలోనే ఉండాలంది. ఆ మనిషి పేరు బీమా పత్రంలో ఉండాలంది. పేరు లేకపోతే బండి స్టార్టే అవదు.

ఆ పేరు ఎక్కించేది పూచీపెట్టె. డాష్‌బోర్డులో అరచెయ్యంత నల్లటి పలక. యజమాని దాని మీద చెయ్యి పెట్టి, తన బంధువు బండి ఎలా నడుపుతారో నోటితో చెప్పాలి. పలకలోని నాడీ సెన్సర్లు గుండె వేగాన్ని చదువుతాయి. స్వర విశ్లేషకం మాటలో ధీమా ఎంతో, తడబాటు ఎంతో తూకం వేస్తుంది. మాట గట్టిగా ఉండాలి, నాడి నిలకడగా ఉండాలి. అప్పుడే పేరు ఎక్కుతుంది. మనిషి సంగతి ఇంట్లోవాళ్లకే బాగా తెలుస్తుందన్నది దాని వెనకున్న సిద్ధాంతం. వినడానికి బాగానే ఉంది.

లాస్యకు యాభై ఆరేళ్లు. ఈ పెట్టెలు రాకముందు భర్తతో కలిసి చేపల వ్యాపారం చేసేది. ఇరవై ఒక్క ఏళ్లు వ్యాను నడిపింది ఆవిడే. భర్త పోయాడు, వ్యాను తుప్పు పట్టింది. ఇప్పుడు కాజ్‌వే అవతల, కాలవ లాకుల దగ్గర గేటు అధికారి ఉద్యోగం వచ్చింది. సోమవారం పొద్దున చేరాలి. రాకపోకలు సొంతంగా చూసుకోవాలి. చేరకపోతే ఉద్యోగం జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. ఇంట్లో ఉన్నది ఒకటే కారు, అక్క కొడుకు నిశాంత్‌ది.

"ఎక్కించెయ్ రా నా పేరు," అంది బుధవారం పొద్దున్నే.

నిశాంత్ పలక మీద చెయ్యి పెట్టాడు. "లాస్య గారు ఎలా నడుపుతారు?" అని పెట్టె అడిగింది.

వాడికి డ్రైవింగు నేర్పిందే ఆవిడ. ఆ సంగతి వాడికీ తెలుసు, ఊరికీ తెలుసు. అయినా వాడి నోట్లోంచి వచ్చింది ఇది: "ఏదోనండి. తిప్పుతుందండి."

"తిరస్కరించాం," అంది పెట్టె.

"ఏరా, ఏదో తిప్పుతానా? రివర్సు గేరు పడక నువ్వు కాలవలో దింపితే బయటికి లాగిందెవర్రా?"

"మరేమనమంటావు పిన్నీ? మనవాళ్ల గురించి మనమే గొప్పగా చెప్పుకుంటే దిష్టి కొట్టదూ? అమ్మమ్మ ఎప్పుడన్నా నిన్ను మెచ్చుకుందా?"

లాస్య ఆలోచించింది. "లేదురా. పోయేదాకా 'దీనికేం వచ్చులే' అనే అంది. పక్కింటి పిల్లల్ని మాత్రం తెగ పొగిడేది."

గురువారం వాడు ఊపిరి బిగబట్టి అరిచాడు. "మా పిన్నిలాగా నడిపేవాళ్లు జిల్లాలోనే లేరండీ!"

అరుస్తూనే వాడి గుండె దడదడలాడింది. ఎదురుగా సముద్రం, పక్కనే పిన్ని. ఇంత మాట అనేశాను, ఏమవుతుందో! పెట్టె ఆ దడను చదివింది. "మీ మాట అబద్ధమని నాడి చెబుతోంది. తిరస్కరించాం."

తగ్గించి చెబితే నమ్మకం లేదంటుంది. పొగిడితే అబద్ధమంటుంది. ఇంతకీ కిందటి నెల ఇదే పెట్టె, ఇదే నిశాంత్ నోటిమాట మీద, జిమ్ములో రెండు నెలల పరిచయమున్న కుర్రాడి పేరు ఎక్కించేసింది. "తిరుగులేని డ్రైవరండి!" అన్నాడు వీడు. గుండె కాస్తయినా కదల్లేదు. ఆ తిరుగులేని డ్రైవరు అప్పుడే రెండుసార్లు కారును కల్వర్టుకు గీరించాడు.

లాస్యకు అప్పుడు వెలిగింది. "ఓరి నాయనో! ఇది నా డ్రైవింగు చూడ్డం లేదురా. నీ భయం చూస్తోంది."

ఆవిడ ఏడుస్తూ కూర్చునే రకం కాదు. దిబ్బదిబ్బకీ ఫోను చేసి మాట్లాడింది. తల్లులు, వదినలు, బావమరుదులు, ఇంట్లో కారుండీ పేరు ఎక్కనివాళ్లు నలభై ముగ్గురు దొరికారు. శుక్రవారం అమలాపురంలో నిశ్చింత బీమా ఫిర్యాదుల దినం. పెట్టెను కనిపెట్టిన డాక్టర్ మట్టపర్తి సంహిత స్వయంగా వచ్చి, తెర బిగించిన ఒక పెట్టెను హాల్లో బల్ల మీద పెట్టింది. ఆమెదీ ఇక్కడి దిబ్బల ఊరే. నలభై ముగ్గుర్నీ వెంటేసుకుని లాస్య హాల్లోకి నడిచింది.

"యంత్రానికి పక్షపాతం ఉండదండి," అంది సంహిత వాళ్ల ఫిర్యాదు విని. "ముంబైలో ఏడాది పరీక్షించాం."

"ఇక్కడ పరీక్షించారా?"

"అక్కర్లేదు. గుండె ఎక్కడైనా గుండే."

"మీ అమ్మగారు కారు నడుపుతారాండీ?"

"ముప్పై ఏళ్లుగా."

"ఎలా నడుపుతారో ఆ పలక మీద చెయ్యి పెట్టి చెప్పండి."

సంహిత నవ్వి చెయ్యి పెట్టింది. పెద్ద తుఫాను రోజున వాళ్లమ్మ పదిహేడు ట్రిప్పులు వేసి ఊరందర్నీ దిబ్బ మీదికి చేర్చింది. ఆ మాటే చెబుదామనుకుంది. నోరు తెరిచింది.

"మా అమ్మా? ఆఁ... ఏదో, పర్లేదండి."

"తిరస్కరించాం," అంది పెట్టె.

హాలంతా గొల్లున నవ్వింది.

"నా తల్లే! ఎంత చదివినా నోరు మాత్రం మన నోరే!" అంది వెనకనుంచి ఒక ముసలావిడ.

"ఈసారి పొగిడి చూడండి," అంది లాస్య.

పొగిడింది. తెర మీద నాడి నూట పద్దెనిమిదికి ఎగిరింది. "అబద్ధం," అంది పెట్టె.

సంహిత చెయ్యి తీసి, ఆ చేతినే చూసుకుంటూ నిలబడింది. "నమ్మకాన్ని కొలుస్తున్నాననుకున్నానండి," అంది. "మనకి బాగా కావలసినవాళ్లని పైకి మెచ్చుకోవాలంటే మనకి భయం. దాన్ని ప్రమాదం కింద లెక్కగట్టేశాను. అక్కర్లేనివాళ్లందరూ మంచి డ్రైవర్లయిపోయారు."

"అందుకే ఇంట్లోవాళ్లని అడక్కండి. బండినడగండి." లాస్య సంచిలోంచి టిఫిను డబ్బా తీసి మూత తెరిచింది. లోపల గుడ్డలో చుట్టిన చిప్పు. పాత వ్యాను చక్రస్మృతి. ఏ చెయ్యి ఎప్పుడు ఎలా తిప్పిందో ప్రతి బండీ దాన్లో రాసుకుంటుంది. "ఇది చదవడం మీ పెట్టెకి రాదా?"

"వచ్చు," అంది సంహిత చిన్న గొంతుతో. "ఇంటివాళ్ల మాట చాల్లే అని మేమే ఆ దారి మూసేశాం."

"తెరవండి మరి. సోమవారం నా ఉద్యోగం."

సంహిత తన సంకేతపదం కొట్టి తెరిచింది. పెట్టె చిప్పును చదివింది. "కాజ్‌వే దాటింపులు పదకొండు వేల నాలుగు వందలు. ప్రమాదాలు సున్న. పేరు ఎక్కించాం."

హాలు పైకప్పు అదిరింది. మిగతావాళ్లూ తమ పాత బండ్ల చిప్పులు తెచ్చి పెట్టారు. సాయంత్రానికి ముప్పై తొమ్మిది పేర్లు ఎక్కాయి. మిగతా నలుగురివీ ఎక్కలేదు. వాళ్లు నిజంగానే ఘోరంగా నడుపుతారు. జిమ్ము కుర్రాడి పేరు ఊడింది.

సోమవారం పోటు తీసిన గంటకు లాస్య కాజ్‌వే ఎక్కింది. పక్క సీట్లో నిశాంత్. ఇంకా తడి ఆరని రోడ్డు మీద ఎక్కడ నాచు ఉందో, ఎక్కడ అంచు విరిగిందో ఆవిడ చేతులకు తెలుసు. ఇరవై నిమిషాల్లో అవతల తేలారు. లాకుల దగ్గర కొత్త అధికారి కోసం సిబ్బంది అంతా నిలబడి ఉన్నారు. నిశాంత్ కారు దిగి, అందరూ వినేలా అన్నాడు, "మా పిన్ని అద్భుతంగా నడుపుతుందండీ."

ఏమీ అవలేదు. టైరయినా పంక్చరవలేదు. లాస్య వెళ్లి మొదటి గేటు ఎత్తింది. నీళ్లు దూకాయి.

ఒక్క జిల్లాలో మార్చి చేతులు దులుపుకున్నారు మీరు. దేశంలో మూడు కోట్ల పెట్టెలు ఇవాళ కూడా అదే ప్రశ్న అడుగుతున్నాయి. ఆ ప్రశ్న తీసెయ్యండి. చక్రస్మృతి అందరికీ తెరవండి. తప్పుడు తిరస్కరణతో పని పోగొట్టుకున్న ప్రతి మనిషికీ ఆ పని తిరిగి ఇప్పించండి. ఈ నెలాఖరులోగా. లేదంటే మూడు కోట్ల పెట్టెలూ పీకి తెచ్చి మీ గుమ్మంలో పోస్తాం. ముందు బండి నడిపేది లాస్యే.