శనివారం పుట్టిన పిల్ల

కోళ్ళు కూసి అరగంటయింది. తెల్లబట్టలు కట్టుకున్న చుట్టాలతో కేప్‌కోస్ట్‌లోని ఆ ఇంటి వాకిలి నిండిపోయింది. పిల్ల పుట్టి ఎనిమిదో రోజు. పొద్దు పొడవకముందే బయటికి తెచ్చి, నాలుక మీద నీళ్ళచుక్క, జిన్ను సారాచుక్క వేసి పేరు పెట్టేయాలి. గ్లాసులు వచ్చాయి, పెద్దాయన వచ్చాడు, ఆఖరికి ఫొటోలు తీసేవాడు కూడా వచ్చాడు... రానిది పిల్ల అమ్మమ్మ ఒక్కతే!

గదిలో పిల్లకి పాలిస్తున్న ఎకువాకి అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మ ఎప్పుడు వచ్చింది గనక! లాయరు అరబా ఎసిల్ఫీ అంటే ఊరంతటికీ దేవత. మొగుడు పోయిన ఆడవాళ్ళని మొగుడి తరఫువాళ్ళు ఇంట్లోంచి గెంటేస్తే కోర్టుకెళ్ళి తాళాలు తెరిపించింది. ఆ ఆడవాళ్ళే పట్టుబట్టి ఎన్నికల్లో నిలబెట్టారు. ఒకసారి ఓడింది, రెండోసారి పార్లమెంటుకెళ్ళింది. అప్పటినుంచి శనివారం వస్తే చాలు, ఎవరో ఒకరి చావుకి వెళ్ళాల్సిందే. ఇక్కడ శవాన్ని వారాల తరబడి ఐసుగదిలో ఉంచి, శనివారమే మట్టి చేస్తారు. ఈ దేశంలో శవాన్ని సాగనంపని నాయకురాలికి ఓటెవరు వేస్తారు? ఎకువా చదివిన హాస్టల్లో పిల్లల్ని చూడనిచ్చేదీ శనివారాలే. అందరికీ అమ్మలొస్తే ఎకువాకి ఎవురసి పెద్దమ్మ వచ్చేది, చంకలో జొల్లోఫ్ అన్నం గిన్నెతో, ఒళ్ళంతా అమ్మకానికి మొక్కజొన్న కెంకె ముద్దలు ఉడికించిన పొగ వాసనతో... ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. అమ్మ రచ్చ గెలిచింది, ఇంటి దారే మర్చిపోయింది!

దానికి తోడు అత్తగారు ఆడ్వోవా పిల్లకి "అమా ఎసిల్ఫీ" అని పేరు పెడతానని వారం నుంచీ ఊరంతా చాటింది. శనివారం పుట్టింది కాబట్టి అమా సరే. ఎసిల్ఫీ ఎందుకు? పేరుతోపాటు గుణాలూ వస్తాయంటారు. ఇంట్లో నిలవని మనిషి ఇంకొకతె కావాలా? ఆ మాటే మొగుడితో అంటే, ఎబో తల గోక్కుంటూ జారుకున్నాడు.

నిన్న అమ్మ ఫోన్ చేసి, మా నియోజకవర్గంలో ఒక పెద్దావిడ పోయింది, జాగారం తప్పదు, తెల్లవారేసరికి వచ్చేస్తాను అంది.

"చచ్చినవాళ్ళకి ఉన్న టైము పుట్టినవాళ్ళకి లేదా అమ్మా?" అంది ఎకువా.

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

పోనీ పెద్దమ్మయినా వచ్చిందా? పదిహేను రోజులుగా ఫోనే ఎత్తదు. అడిగితే, గొంతు పోయిందట, మాట్లాడలేకపోతోందట అంటుంది అత్తగారు. అందరూ అందరే...

గేటు దగ్గర కారు ఆగింది. వాకిట్లో చుట్టాలంతా అటు తిరిగారు. ఎకువా కిటికీలోంచి చూసింది. అమ్మ నల్లబట్టలో దిగింది, తలకి ఎర్రగుడ్డ! చావుబట్టలతో, ఎనిమిది రోజుల పసిగుడ్డు ముందుకి! ఊరందరికీ చట్టం చెప్పే మనిషి, బట్ట మార్చుకోవడం మర్చిపోయింది!

అత్తగారు గబగబా వెళ్ళి చేతులు అడ్డం పెట్టింది. "వదినగారూ, అక్కడే ఆగండి. లోపలికి రాకండి."

ముప్పై ఏళ్ళు జడ్జీలతో వాదించిన మనిషి ఒక్క మాటా వాదించలేదు. తన ఒంటిమీది బట్టని అప్పుడే చూసుకున్నట్టు చూసుకుని, గేటు బయట గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

ఎకువా పిల్లని ఎబో చేతిలో పెట్టి విసవిసా బయటికి నడిచింది. బాలింతవి, ఆగమని ఎవరో అరిచినా వినలేదు. వారం రోజులుగా కూడబెట్టుకున్న మాటలన్నీ నాలుక చివరికొచ్చాయి. గేటు దాకా వెళ్ళి నోరు తెరిచింది...

అమ్మ గుండె మీద గుండ్రటి బిళ్ళ. చావింట్లో చుట్టాలకి పంచే, పోయినవాళ్ళ బొమ్మ బిళ్ళ. అందులో ఎవురసి పెద్దమ్మ నవ్వుతోంది.

ఎకువా గేటు ఊచ పట్టుకుంది. "ఎప్పుడు?"

"మూడో వారం నడుస్తోందే. నువ్వు నిండు నెలల మీద ఉన్నావు. పిల్లని బయటికి తెచ్చి పేరు పెట్టేదాకా నీకు చెప్పొద్దన్నారు పెద్దలు." అరబా ఆ బిళ్ళని సరిచేసుకుంది. "ఇవాళ పది గంటలకి మట్టి చెయ్యాలి. రాత్రంతా దాని పక్కనే కూర్చున్నా. నీ పిల్లకి పేరు పెట్టే పొద్దు దాటిపోతుందని అలాగే పరిగెత్తుకొచ్చేశా."

నోట్లో నువ్వుగింజ నానని అత్తగారు కూడా ఇన్నాళ్ళూ దాచిందా! నిన్న తను ఫోన్లో అన్న మాట ఎకువాకి గుర్తొచ్చింది. "అంత మాట అంటే... ఊరుకున్నావేంటమ్మా?"

"ఏమని చెప్పను? నువ్వన్నదాంట్లో అబద్ధమేముంది. నన్ను చదివించడానికి అది బడి మానేసి కెంకె కుండ ముందు కూర్చుంది. నేను రాని శనివారాలన్నీ నీ దగ్గరికి అదే వచ్చింది. పిల్లకి నా పేరు పెట్టొద్దని మీ అత్తగారికి చెప్పవే. ఆ పేరు పెట్టడానికి నేనేం చేశానని?"

ఎకువా ఏడ్చింది. ఏడుస్తూనే విసుక్కుంది, బట్టలైనా మార్చుకోవద్దా అని. అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ తన పెట్టెలోంచి తెల్లబట్ట తెచ్చి గేటు మీదుగా అందించింది. అరబా కారు చాటున కట్టుకుంది. పొట్టి ఆడ్వోవా బట్ట పొడుగు అరబాకి పిక్కల దాకే వచ్చింది. పార్లమెంటు మెంబరుగారు పిక్కలు కనపడుతుండగానే లోపలికొచ్చి, మనవరాలిని ఒళ్ళోకి తీసుకుంది.

పెద్దాయన వేలు ముంచి పిల్ల నాలుక మీద పెట్టాడు. "నీళ్ళయితే నీళ్ళే అను తల్లీ. జిన్నయితే జిన్నే అను." పిల్ల మొహం చిట్లించింది. పేరేమిటని ఆయన అడిగాడు. పేరు పెట్టే హక్కు తండ్రి వైపువాళ్ళది, చెప్పాల్సింది అత్తగారు. ఆవిడ కోడలి వైపు చూసి తలూపింది.

"అమా ఎవురసి," అంది ఎకువా.

అమ్మ సంచిలో ఫోన్ మోగింది. అందరూ అటే చూశారు. అరబా చెయ్యి అలవాటుగా సంచి వైపు వెళ్ళి ఆగింది. ఎకువాయే ఫోన్ తీసింది. పార్టీ వాళ్ళు. ఇంకో ఊళ్ళో ఇంకో చావట.

"మా అమ్మ పదింటికి వాళ్ళక్కని సాగనంపాలి," అంది ఎకువా ముక్కు చీదుకుంటూ. "అప్పటిదాకా మనవరాలిని ఎత్తుకుని కూర్చుంటుంది. ఈ శనివారం ఖాళీ లేదు."