నల్లబడని వేళ్ళు

పరుగు!

అర్లీన్ వెనక్కి చూడకుండా పరిగెడుతోంది. వెనకాల బూట్ల చప్పుడు... గోధుమరంగు జాకెట్ వాడు! తెల్లవారుజామున ఆమె దాక్కున్న మోటెల్ తలుపు పగలగొట్టింది వాడే.

ఎదురుగా కేసినో. అద్దాల తలుపు తోసుకుని లోపలికి వచ్చి పడింది.

బయట అమెరికా జూదాల ఊరు రీనో వీధుల్లో పొద్దున్న ఎనిమిదిన్నర. లోపల కిటికీ లేదు, గోడ గడియారం లేదు. ఎప్పుడూ రాత్రే.

ఫోన్‌లో పోలీసులు చెప్పింది ఒక్కటే. జనంలో కూర్చో, కెమెరాల కింద కూర్చో, తొమ్మిదింటికి వస్తాం. పదింటికి ఆమె కోర్టులో ఉండాలి. హోటల్లో గదులు శుభ్రం చేసే అర్లీన్, క్రీల్ అనేవాడు ఒక మనిషిని కాల్చి చంపడం కళ్ళారా చూసింది. చూసింది ఆమె ఒక్కతే.

ఆమె నోరు విప్పితే క్రీల్ పని అయిపోయినట్టే. విప్పకుండా చెయ్యడానికి క్రీల్ మనుషులకి మిగిలింది అర్ధగంట...

పది డాలర్లకి పావు డాలరు నాణేలు తీసుకుంది. ప్లాస్టిక్ కప్పు పట్టుకుని, నాణెం వేసి ఆడే స్లాట్ మెషీన్ ముందు కూలబడింది. జాకెట్ వాడు తలుపు దగ్గరే ఆగిపోయాడు. పైన కెమెరాలున్నాయి మరి!

ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటున్నా ఒక్కసారీ ఆడిన పాపాన పోలేదు. నాణెం ఎక్కడ వెయ్యాలో కూడా తెలీదు.

"ఊరికే కూర్చుంటే లేపేస్తారు తల్లీ."

పక్క కుర్చీలోకి ఒక ముసలావిడ వచ్చి చేరింది. తెల్లజుట్టు, పూల స్వెటర్, రుమాలు కప్పిన కప్పు. పేరు వెర్నా అట. రాత్రంతా ఇక్కడే ఆడిందట. ముప్పై ఏళ్ళ అలవాటట.

ఆవిడే ఓపిగ్గా నేర్పింది. ఒక్కో నాణెమే వెయ్యి, మెల్లిగా ఆడు. ఇందాకట్నుంచీ ఇవ్వలేదు కాబట్టి ఇప్పుడిస్తుందని ఆశపడకు, దీనికి పోయిన ఆట గుర్తుండదు. లోపల కంప్యూటర్ క్షణక్షణం అంకెలు మారుస్తూనే ఉంటుంది. మెషీన్ ఇరుక్కుపోతే ఇదిగో ఈ బటన్ నొక్కు, నెత్తిన దీపం వెలుగుతుంది, మనిషి పరిగెత్తుకొస్తాడు.

"నువ్వు హ్యాండిల్ లాగిన క్షణమే అంతా తేలిపోతుంది," అంది వెర్నా. "తర్వాత ఆ బొమ్మల చక్రాలు తిరగడం ఉంది చూశావూ... అదంతా మన కోసం ఆడే నాటకం."

అర్లీన్ లాగింది. ఏమీ రాలేదు. మళ్ళీ వేసింది, మళ్ళీ లాగింది. మెషీన్ అద్దంలో జాకెట్ వాడు అలాగే నిలబడి ఉన్నాడు.

వెర్నా గొంతు తగ్గించింది. "వాడు నీ వెంట పడ్డాడు కదూ? వెనక గుమ్మం దగ్గర నా కారుంది. పద, పోలీస్ స్టేషన్లో దింపుతాను."

అర్లీన్‌కి ప్రాణం లేచొచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లేవబోతూ అరచెయ్యి స్కర్టుకి తుడుచుకుంది.

నల్లటి మరక!

నాణేల మురికి. పావుగంటకే వేళ్ళు నల్లబడ్డాయి. ఈ మురికి ఆమెకి కొత్త కాదు. రోజూ పొద్దున్న హోటల్ తువ్వాళ్ళ నిండా ఇదే. రాత్రంతా ఆడినవాళ్ళు తుడుచుకుంటే బొగ్గు అంటినట్టు ఉంటుంది.

మెల్లిగా వెర్నా చేతులకేసి చూసింది.

తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి!

ఇంతసేపట్లో ఆవిడ ఒక్క నాణెం కూడా వెయ్యలేదు. ఆ కప్పు ఒక్కసారి కూడా గలగలమనలేదు...

"కనిపెట్టేశావన్నమాట," అంది వెర్నా. నవ్వు చెరగలేదు. కప్పు అర్లీన్ పక్కటెముకలకి ఆనింది. అందులోంచి ఏదో గట్టిగా గుచ్చుకుంది. "కేక వేస్తే ఇక్కడే పోతావు. నవ్వుతూ లే. మనం తల్లీకూతుళ్ళం."

జాకెట్ వాడు వెనక గుమ్మం వైపు నడిచాడు.

చేతి వాచీలో ఎనిమిది యాభై. ఇంకా పది నిమిషాలు!

నాణేలు వదిలేసి వెళితే అందరి కళ్ళూ పడతాయి, తీసుకుంటానంది అర్లీన్. వెర్నా గుమ్మం వైపు చూస్తూ తలూపింది.

అర్లీన్ వంగింది. చెయ్యి తన కప్పు దాటింది... బటన్ నొక్కింది!

మెషీన్ నెత్తిన దీపం వెలిగింది. వెర్నా తల తిప్పేలోగా అటెండెంట్ వచ్చి నిలబడ్డాడు. ఏమైందని అడిగాడు.

"ఈవిడ నా నాణేలు తన కప్పులో వేసుకుంది."

చంపుతున్నారు మొర్రో అంటే తాగి వాగుతోందనుకుంటారు. కానీ కేసినోలో ఈ మాట వింటే ఎవరూ ఊరుకోరు. అటెండెంట్ చెయ్యి ఎత్తాడు. క్షణంలో ఇద్దరు గార్డులు... చెరో పక్కా!

పిల్ల పొరబడింది, కొత్త కదా అని నవ్వేసింది వెర్నా. నుదుటి మీద చెమట.

"ఆ కప్పు ఇలా ఇవ్వండి మామ్మగారూ," అన్నాడు పొడుగు గార్డు మర్యాదగా. "చూసి ఇచ్చేస్తాం."

రుమాలు కింద తెల్లటి వేళ్ళు బిగుసుకున్నాయి. గార్డు ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు.

ధన్!

మెషీన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయినట్టనిపించింది. అర్లీన్ తన ఒళ్ళు తడుముకుంది. రక్తం లేదు. తూటా తివాచీలో దిగింది. గార్డు ఆ మణికట్టు వదల్లేదు.

కప్పు దొర్లుకుంటూ వచ్చి అర్లీన్ కాళ్ళ దగ్గర ఆగింది.

అందులో ఒక్క నాణెం లేదు.