మురీ చేప ముల్లు

"వైజాగ్ బాగా తెలిసినోళ్లు ఎవరన్నా ఉండారా ఈడ?"

ఆర్ట్స్ కాలేజీ వెనక చాయ్ బండి దగ్గర ఒక అమ్మాయి గట్టిగా అడిగింది. చేతిలో ఫోను, నెత్తిన చున్నీ, పైన వాన. రేకు కింద నిలబడ్డవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నాకు తెలుసు," అన్నాడు భూపాల్.

తెలియదు. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి, రైలు కూతలు వింటూ పెరిగినవాడు సముద్రం ముఖం చూడలేదు. అతనికి తెలిసిన పెద్ద నీళ్లు ట్యాంక్‌బండ్ దగ్గరే ఆగిపోయాయి. కానీ ఆ అమ్మాయి పెద్ద కళ్లు అప్పుడే పక్కవాడి వైపు తిరగబోతున్నాయి. అబద్ధానికి అంతకంటే కారణం అక్కర్లేకపోయింది.

"ఎంత తెలుసు?"

"మస్తు తెలుసు. ఏం గావాలె?"

"యాడ తినాల్నో చెప్పప్పా. వచ్చే నెల ఆడ లెక్చరర్‌గా చేరాల. నా పేరు పూజ, మాది ధర్మవరం. సంగటి, కోడికూర తప్ప నాకేం తెలీదు. ఆ ఊర్లో బెంగాలీ హోటళ్లంట, ఒడియా మెస్సులంట, పంజాబీ ధాబాలంట. యాడికి పోయినా చేపేనంట. నాకు చేపంటే భయం."

"చేపకు భయమేంది?"

"ముల్లు! గొంతులో ఇరుక్కుంటే?"

"నేర్పిస్త," అన్నాడు భూపాల్. ఒక అబద్ధం సరిపోనట్టు పంతులు ఉద్యోగం కూడా తీసుకున్నాడు.

పాఠాలు ఆదివారాలు. తార్నాక చౌరస్తా దాటాక ఒక చిన్న మెస్సు. భూపాల్ బొచ్చె చేప ముక్క విప్పి ముల్లు తీసేవాడు. పూజ ముక్కను కాకుండా అతని వేళ్లను చూసేది. అతను ముల్లును కాకుండా ఆమె బుగ్గ మీది కారపు మరకను చూసేవాడు. ఈ పద్ధతిలో చేప తిని ఇద్దరూ బతికి బయటపడటం వింతే.

"అక్కడ స్పెషల్ ఏంది సార్?" అని ఒకరోజు అడిగింది.

సార్ ముందురోజే నెట్‌లో చదివి వచ్చాడు. 'బీచ్‌కి వెళ్తే మురీ మిక్చర్ తినకుండా రాకండి' అని ఉంది. ఫొటో తెరుచుకోలేదు. బీచ్‌లో దొరికేది చేప కాక ఇంకేముంటుంది?

"మురీ అని ఒక చేప ఉంటది. సన్నగ, మెత్తగ. గని ముల్లు మోసం చేస్తది. ఉల్లిగడ్డ, నిమ్మకాయ కలిపి పొట్లం గట్టి ఇస్తరు."

"చేపను పొట్లం కడతారా?"

"అదే స్పెషల్."

పూజ నమ్మింది. పీహెచ్‌డీ చేసిన పిల్ల అంత సులువుగా నమ్మిందంటే కారణం చేప కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ నోరు విప్పలేదు. దద్దమ్మలు.

సికింద్రాబాద్ స్టేషన్లో రైలు కదిలే ముందు భూపాల్ కిటికీ చువ్వలు పట్టుకున్నాడు. చెప్పాల్సిన మాట గొంతుదాకా వచ్చింది.

"పూజా..."

"ఊ, చెప్పు."

"ముల్లు జాగ్రత్త."

రైలు పోయింది. అట్లాంటివాడిని వదిలేసి పోవడమే న్యాయం.

నాలుగోరోజు సాయంత్రం వీడియో కాల్. వెనక సముద్రం, ముందు ఎర్రబడ్డ ముఖం.

"భూపాల్, ముల్లేదీ?"

"ఏ ముల్లు?"

"నీ మురీ చేప ముల్లు! 'అన్నా, ముల్లు తీసియ్యి' అని అడిగినా. బండాయన నవ్వినాడు. మా కాలేజీవాళ్లంతా ఇసకలో పడి నవ్వినారు. ఇట్ల చూడు!" పొట్లం కెమెరాకు ఆనించింది. "ఇవి బొరుగులప్పా! మా ఇంట్లో ఉగ్గాని చేసుకునే బొరుగులు! వీటినే ఈడ మురీలంటారంట!"

భూపాల్ కళ్లు చిట్లించి చూశాడు. "అరె, గవి బొంగులు!"

"బొంగులా? తప్పు చేసి తిడతాండావా?"

"తిడతలేను! మా ఇంట్ల గట్లనే అంటం..."

"నిజం చెప్పు. నువ్వు ఈ ఊరు ఎప్పుడన్నా చూసినావా?"

"చూడలే."

"మరెందుకు తెలుసన్యావు?"

"తెల్వదంటె నువ్వు పక్కోన్ని అడుగుతుంటివి."

కాల్ కట్ అయింది. ఆ తర్వాత మెసేజికి జవాబు లేదు, ఫోను ఎత్తడం లేదు.

తండ్రి రాజలింగం వర్క్‌షాప్ నుంచి వచ్చేసరికి కొడుకు కంచం ముందు బొమ్మలా కూర్చున్నాడు.

"ఏమైందిరా?"

"చేప ముల్లు కుచ్చుకున్నది బాపు."

"ఇయ్యాల వండింది పప్పు గదరా!" రాజలింగం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. "పిల్ల పేరేంది?"

"పూజ."

"అబద్ధమాడినవా?"

"ఆడిన."

"మీ అమ్మతోని నేను గూడ ఒకటి ఆడిన. ఇప్పటికీ అంటది. అనేటోళ్లు ఉండాలెరా ఇంట్ల. పో, మంచిగ తిట్టించుకో."

ఆదివారం భూపాల్ అదే మెస్సులో, అదే బల్ల దగ్గర బొచ్చె పులుసు పెట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం రైలెక్కి వైజాగ్ పోదామని బ్యాగు పక్కనే ఉంది. బయట వాన. ఎదుటి కుర్చీ చప్పుడైంది. తడిసిన చున్నీ పిండుకుంటూ పూజ కూర్చుంది.

"యూనివర్సిటీలో సర్టిఫికెట్ తీసుకోను వచ్చినా. నీ కోసం కాదు."

"ఆదివారం సర్టిఫికెట్ ఎవరిస్తరు?"

"నీకొక్కడికేనా అబద్ధాలు చేతనయ్యేది?"

అతని కంచంలోంచి ముక్క తీసుకుంది. ముల్లు ఒడుపుగా తీసి పక్కన పెట్టింది. తిన్నది. భూపాల్ నోరు తెరిచి చూశాడు.

"బెంగాలీ హోటల్లో తిన్యా. ఒడియా మెస్సులో తిన్యా. ధాబాలోనూ తిన్యా. అన్నీ బాగుండాయి."

"మరింకేంది?"

"ఎదురుగా కూసోని అబద్ధాలు చెప్పేటోడే ల్యాడు."

మెస్సులో ఎవరో గ్లాసు జారవిడిచారు. భూపాల్‌కు వినపడలేదు.

"పూజా, ఒక నిజం చెప్పాల్నా?"

"తెలుసులే. స్టేషన్లోనే చెప్పింటే చార్జీలన్నా మిగిలేవి." బ్యాగు వైపు చూసి నవ్వు ఆపుకుంది. "సాయంత్రం ఇద్దరం పోదాం. సముద్రం నేను చూపిస్తా."

హ్యాండ్‌బ్యాగులోంచి మెత్తబడ్డ ఒక పొట్లం తీసి బల్లమీద విప్పింది.

"మీ ఇంట్లో వీటినేమంటారు?"

"బొంగులు."

"మా ఇంట్లో బొరుగులు." ఒకటి తీసి అతని నోట్లో పెట్టింది. "మరి మన ఇంట్లో?"

భూపాల్ నమిలాడు. మింగాడు. ముల్లేమీ గుచ్చుకోలేదు.

"మురీలు."