నీలి సిరా కింద

ఆఫీసులో ఆవిణ్ణి దీపాలమ్మ అంటారు. వెలిసిపోయిన పాత దస్తావేజుల మీద రకరకాల వెలుతుర్లు వేసి, ఫొటోలు తీసి, కంటికి ఆనని రాతల్ని బయటికి లాగడం ఆవిడ పని. ఎప్పుడో పోయినవాళ్ల రాతలన్నీ ఆవిడకు కొట్టిన పిండి. ఇంట్లో ఉన్న నాన్న మొహం తీరిగ్గా చూసి ఎన్నాళ్లయిందో మాత్రం అడక్కండి.

ఆ పొద్దున కూడా కాఫీ నిలబడే తాగేసి, బ్యాగు భుజాన వేసుకుంది. నాన్న బల్ల దగ్గర వంగి, బాల్‌పెన్నుతో ఏదో రాస్తున్నాడు. చూస్తే అమ్మ నోటుపుస్తకం. రెండేళ్ల కిందట పోయేదాకా అమ్మ అందులో రోజూ పెన్సిలుతో నాలుగు ముక్కలు రాసుకునేది. అమ్మ పోయాక కూతురి ఇంటికి వచ్చేసిన నాన్న, వేలు పెట్టి చదివి చదివి అక్షరాలన్నీ అలికేశాడు.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"మాసిపోతున్నాయమ్మా. దిద్దుతున్నా."

ఆవిడ గబుక్కున పెన్ను లాక్కుంది. "పాత కాగితం మీద పెన్ను పెడతారా ఎవరైనా? అమ్మ చేతిరాత ఇంకెక్కడుంది?"

"మీ మిషను కింద పెట్టి చూడమని రెండేళ్లుగా అడుగుతున్నా. రేపు, ఎల్లుండి అన్నావు. ఊళ్లోవాళ్ల ముత్తాతల కాగితాలకైతే తీరికుంటుంది నీకు."

నిజం నిష్ఠూరంగానే ఉంటుంది. ఆవిడకు ఉక్రోషం వచ్చింది. "సరే, ఇప్పుడే పద."

"వద్దులే, పోనీ," అంటూ ఆయన పుస్తకం వెనక్కి లాక్కున్నాడు. అయినా ఆవిడ వినలేదు. ఆయనా వెంట రాక తప్పలేదు.

ఆఫీసు గదిలో కెమెరా కింద పేజీ పరిచింది. మామూలు వెలుతుర్లో నాన్న నీలి అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి: 'ఆదివారం అమ్మాయి వచ్చింది. సాయంత్రందాకా కబుర్లు చెప్పుకున్నాం.'

ఇన్‌ఫ్రారెడ్ దీపం వేసింది. ఆ వెలుతురుకి బాల్‌పెన్ను సిరా కనబడదు, పెన్సిలు కనబడుతుంది. తెర మీద నీలి గీతలు మాయమై, అమ్మ గుండ్రటి అక్షరాలు తేలాయి.

'ఆదివారం అమ్మాయి వస్తానంది. రాలేదు. పాపం, పని ఎక్కువేమో. ఇద్దరం గుమ్మంలో కూర్చున్నాం.'

ఆ రోజుల్లో నాలుగు బస్‌స్టాపుల అవతలే ఉండేది తను. పేజీ తిప్పింది. మళ్లీ అదే మాట. ఇంకోటి తిప్పింది.

"నాన్నా, నువ్వు వేరేగా రాశావు."

ఆయన తల వంచుకున్నాడు. "నేనుండగా చూస్తే సర్దిచెప్పేవాణ్ణి. నేను పోయాక ఎప్పుడో తెరిచి చూస్తావు. ఒక్కదానివే కూర్చుని ఇవన్నీ చదివితే తట్టుకోలేవమ్మా."

"ఎన్ని వారాలు వచ్చాను నాన్నా, నీ రాతలో?"

"ప్రతి వారమూ వచ్చావు తల్లీ."

ఆవిడ అక్కడే నేల మీద కూలబడి, కుర్చీలో ఉన్న ఆయన మోకాళ్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ పూట బయట ఎవరు తలుపు తట్టినా పలకలేదు.