గుండుగాడి కోసం అరవై పాటలు

ఆ అమ్మాయి ఫోన్ తెచ్చి కౌంటర్ మీద పెట్టి, "వీణ్ణి ఇక్కడ వదిలేసింది ఎవరు?" అని అడిగింది.

మెకానిక్ తలెత్తాడు. మొబైల్ రిపేర్ షాపులో పదేళ్లుగా రకరకాల గొడవలు విన్నాడు. టచ్ పని చేయడం లేదన్నవాళ్లున్నారు, రంగు తేడాగా ఉందన్నవాళ్లున్నారు. ఎవరినో వదిలేశావని నిలదీసినవాళ్లు మాత్రం ఇంతవరకూ లేరు.

అమ్మాయిని గుర్తుపట్టాడు. రోడ్డుకి అవతల ల్యాబ్‌లో రక్తం తీస్తుంది. నిన్ననే ఆమె ఫోన్‌కి కొత్త స్క్రీన్ వేశాడు. ఇప్పుడు ఆ స్క్రీన్ మీద నల్లటి చందమామలాంటి గ్రహం, దాని మీద గుండ్రటి తలతో చిన్న రోబో ఒంటరిగా కూర్చుని ఆకాశంలోకి చెయ్యి ఊపుతున్నాడు. కింద పెద్ద అక్షరాలతో "సి గ్రేడ్" అని ఉంది.

మెకానిక్ నాలుక్కరుచుకున్నాడు.

అతని పని పద్ధతి అలాంటిది. స్క్రీన్ మార్చాక మిగతావాళ్లు వేలితో నాలుగు గీతలు గీసి చూస్తారు. ఇతను మాత్రం కస్టమర్ ఫోన్‌లో ఏ గేమ్ ఉంటే అది తెరిచి, ఈ మూల నుంచి ఆ మూలకు టపటపా కొడతాడు. అదో కళ అని అతని నమ్మకం. నిన్న ఈమె ఫోన్‌లో పాటల గేమ్ ఒకటి కనిపించింది. తెరవగానే నాలుగు లైన్ల హెచ్చరిక, దాని కింద "యెస్" అన్న బటన్ వచ్చాయి. నాలుగు లైన్లు చదివే ఓపికే ఉంటే అతను ఇంకేదైనా అయ్యుండేవాడు. యెస్ నొక్కేశాడు. పాట మొదలైంది, పైనుంచి రంగు చుక్కలు రాలాయి, దొరికినచోటల్లా కొట్టాడు. టచ్ బ్రహ్మాండంగా ఉందని తనను తానే మెచ్చుకున్నాడు.

ఆ నాలుగు లైన్లలో ఏముందో ఆ అమ్మాయి ఇప్పుడు చెప్పింది. అదొక అంతరిక్ష నౌక కథ. నౌకలో ఇంధనం అయిపోయింది. పాట తాళానికి సరిగ్గా వేలు కొడితేనే ఇంజిన్ నడుస్తుంది. మొత్తం అరవై పాటలు, అరవై గ్రహాలు. ఆఖరి గ్రహం మీద నౌక ఇరుక్కుపోతే రోబో కిందికి దిగి దాన్ని తోస్తాడు. పాట బాగా ఆడితే నౌక వెనక్కి తిరిగి అతన్ని ఎక్కించుకుంటుంది, లేకపోతే వదిలేసి పోతుంది. ఆ ఆఖరి పాట ఆడే అవకాశం ఒక్కసారే, అతను చదవకుండా యెస్ కొట్టిన హెచ్చరిక అదే.

రోబోకి ఆమె పెట్టుకున్న పేరు గుండుగాడు. అయిదు నెలల క్రితమే ఆఖరి పాట దాకా వచ్చి, ఆడకుండా ఆపేసిందట.

"ఎందుకు ఆపేశారు?" అన్నాడు మెకానిక్.

"అయిపోతుందని."

నవలల్లో కూడా ఆఖరి పది పేజీలు చదవదట. అయిపోతే ఇంట్లోంచి చుట్టాలు వెళ్లిపోయినట్టు ఉంటుందట.

షాపు ఓనరైన అతని అక్క, పక్క కౌంటర్ దగ్గర ఓ ఫోన్‌కి గాజు అతికిస్తూ అంతా వింది. "వాడికి తాళం ఏం తెలుసమ్మా? చప్పట్లు కూడా అందరికంటే ముందు మొదలుపెట్టి, అందరికంటే ముందే ఆపేస్తాడు" అంది. సొంత అక్క అంటే అలాగే ఉంటుంది.

గుండుగాణ్ణి కాపాడే దారి ఒకటుంది. ఆమెకు గేమ్‌లో స్నేహితులెవరైనా మొదటి నుంచీ ఆడుకుంటూ వచ్చి, ఆఖరి గ్రహం మీద ఎ గ్రేడ్ తెచ్చుకుంటే, వాళ్ల నౌకలో ఆమె రోబోని కూడా ఎక్కించుకోవచ్చు. కానీ ఆమెకు తెలిసినవాళ్లెవరూ ఆ గేమ్ ఆడరు.

"నేను ఆడతాను" అన్నాడు మెకానిక్. అన్న తర్వాతే ఆలోచించాడు. అక్క నవ్వాపుకోలేక గాజు వంకరగా అతికించింది.

మర్నాటి నుంచి లంచ్ టైమ్‌లో ఆ అమ్మాయి డబ్బా పట్టుకుని షాపుకి రావడం మొదలైంది. ఆమె తింటూ చెప్పేది, అతను ఆకలితో కొట్టేవాడు. ప్రతి చుక్కకీ స్క్రీన్ మీద ఒకటే మాట వచ్చేది: "ఎర్లీ". పొడుగు గీత వస్తే అది అయ్యేదాకా వేలు నొక్కి పట్టుకోవాలి. అతను సగంలోనే తీసేసేవాడు. సన్నటి సోల్డరింగ్ చేసే చేతులని ఊళ్లో ఇంతకాలం కోసుకున్న గొప్పలన్నీ ఆ గేమ్ వారం రోజుల్లో గాలికి వదిలేసింది.

వెనకాల ఎవరైనా తరుముతున్నారా అని ఆమె అడిగింది. నరం దొరికాక కూడా తను ఒక్క క్షణం ఆగి, అప్పుడు సూది గుచ్చుతానని చెప్పి, కౌంటర్ అద్దం మీద వేలితో తాళం వేసి చూపించింది. ఆ వేలిని చూస్తూ అతను మూడు చుక్కలు వదిలేశాడు. ఆ రోజు నుంచి అతనికి రక్తపరీక్షల మీద ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది. ఏ జబ్బూ లేకపోవడం అతనికి తొలిసారి లోటుగా అనిపించింది.

ఓ వానరోజు, ఆమె సగం తడిసి వచ్చిన మధ్యాహ్నం, నలభై మూడో పాటలో అతనికి మొదటి ఎ గ్రేడ్ వచ్చింది. ఆమె చప్పట్లు కొట్టింది. అతనూ కొట్టాడు, ఆమె కంటే కాస్త ముందు. వాన తగ్గాక కూడా ఆమె పది నిమిషాలు కూర్చుంది. ఆ పది నిమిషాలను అతను రెండు రోజులు నెమరేసుకున్నాడు.

అక్కడి నుంచి పాటలు చకచకా దాటాయి. యాభై తొమ్మిదో పాట తెరుచుకున్న రోజున అతని గుండెల్లో రాయి పడింది. దీని తర్వాత ఒక్కటే మిగిలింది. అదీ అయిపోతే ఆమె గుండుగాణ్ణి తీసుకుని వెళ్లిపోతుంది. రోడ్డుకి అవతలే ఉంటుంది, నిజమే. కానీ ఒంట్లో బాగున్నవాడు రక్తం ఇస్తానంటూ ఎన్నిసార్లని వెళ్తాడు?

అందుకని ఓడిపోవడం మొదలుపెట్టాడు. రోజుకోసారి యాభై తొమ్మిదో పాట ఎత్తుకునేవాడు, కొన్ని చుక్కలు కావాలని ఆలస్యంగా కొట్టి "అయ్యో" అని పెదవి కొరుక్కునేవాడు. ఎనిమిది రోజులు అలా గడిచాయి. తనలో ఇంత నటుడున్నాడని అతనికే తెలియదు.

తొమ్మిదో రోజు ఆమె డబ్బా మూత కూడా తీయకుండా అతని ఫోన్ అందుకుని, పాత స్కోర్లు తెరిచింది.

"ఇన్నాళ్లూ మీ తప్పులన్నీ ఒకటే రకం. అన్నీ ముందే కొట్టినవి" అంది. "ఈ ఎనిమిది రోజులవి చూడండి. అన్నీ ఆలస్యంగా కొట్టినవే. రోజుకి సరిగ్గా పదకొండు. కావాలని తప్పేవాళ్లు తప్ప ఇంత పద్ధతిగా ఎవరూ తప్పరు."

మెకానిక్ చేతికందిన గుడ్డతో అప్పటికే మెరుస్తున్న కౌంటర్ తుడవడం మొదలుపెట్టాడు.

"రెండో రోజే కనిపెట్టాను. ఊరుకుందామనుకున్నాను. కానీ నిన్న మీరు చుక్క తప్పకముందే 'అయ్యో' అన్నారు."

అక్క లేచి, టీ తాగొస్తానని బయటికి నడిచింది. టీ అంటే అక్కకి పడదు.

"ఎందుకిలా చేశారు?" అంది ఆమె.

అబద్ధాలు కొన్ని నోటిదాకా వచ్చాయి. కానీ అవి కూడా ముందే దొరికిపోతాయని తెలుసు కాబట్టి నిజమే చెప్పాడు.

"అయిపోతుందని" అన్నాడు. "అయిపోతే మీరు రారు. మీరు రాకపోతే నాకు బాగుండదు. అసలేం బాగుండదు."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. రెండో రోజే తెలిసినా ఎందుకు ఊరుకుందో అతను అడగబోయి, జీవితంలో మొదటిసారి తొందరపడకుండా ఆగాడు.

"నాకూ ఆఖరి పేజీలంటే భయమే" అంది చివరికి. "కానీ గుండుగాడు అక్కడ ఒక్కడే కూర్చున్నాడు. ఆడండి. మీకూ ఒక్కసారే, గుర్తుంచుకోండి."

యాభై తొమ్మిదోది ఎక్కడా తడబడకుండా దాటాడు. ఆఖరి పాట ముందు ఆ నాలుగు లైన్లు వచ్చాయి. ఈసారి రెండుసార్లు చదివి యెస్ నొక్కాడు. ఇప్పుడు సి గ్రేడ్ వస్తే ఇద్దరు గుండుగాళ్లూ అక్కడే ఉండిపోతారు. చుక్కలు రాలాయి. ఆమె అద్దం మీద తాళం వేసింది. నరం దొరికినా ఒక్క క్షణం ఆగాలి అనుకుంటూ కొట్టాడు.

చివర్లో పెద్ద గీత వచ్చింది. స్క్రీన్ పొడవునా ఉంది. ప్రతిసారీ అతను ముందే వేలు తీసేసేది ఇలాంటి చోటే.

"తీయకండి" అంది ఆమె మెల్లగా.

అతను తీయలేదు. నౌక ఊగింది, వెనక్కి తిరిగింది. తలుపు తెరుచుకుని రెండు గుండ్రటి తలలు లోపలికి దూరాయి. ఎ గ్రేడ్. పాట ఆగిపోయి, గేమ్ తయారుచేసినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పైకి పోసాగాయి. ఆఖరి పది పేజీలు చదవని అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ ఆ పేర్లన్నీ చివరిదాకా చూసింది.

అక్క తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది. "ఒరేయ్, పాట అయిపోయింది. ఇక వేలు తీయరా."

"తీయను అక్కా."

ఆమె నవ్వి, తన వేలు కూడా తెచ్చి అతని వేలు పక్కన స్క్రీన్ మీద ఆనించింది.

అక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసి, గుమ్మం దగ్గరున్న 'లంచ్ టైమ్' బోర్డు బయటికి తిప్పింది. "పుట్టి బుద్ధెరిగాక వీడు ఒక పని మధ్యలో వదలకపోవడం ఇదే మొదటిసారమ్మా" అంది ఆమెతో. "నువ్వూ వదలకు."