రంగరాజులు పడుగు

గుడియాత్తం నుంచి మోర్ధానా డ్యాముకు పోయే దారిలో, పాడుబడిన కొట్టం పక్కన ఒక మలుపు ఉంది. దానికి మంచి పేరు లేదు. ముప్పై ఏళ్ల కిందట రంగరాజులు అనే నేతగాడు మగ్గానికి నిలువుగా కట్టే పడుగు నూలు సైకిలు మీద చుట్టుకుని పోతూ అక్కడే లారీ కింద పడ్డాడట. చీకటి పడితే తెగిన పోగులు వెతుక్కుంటాడని... వెనక సీటెక్కుతాడని... ఎవరి నోటికొచ్చింది వాళ్లు చెబుతారు.

అందుకే ఆ మలుపు రాగానే అందరూ వేగం పెంచుతారు. పెంచేసరికి పడతారు. పడినవాణ్ని చూసి దెయ్యం తోసిందంటారు. మర్నాడు ఇంకాస్త వేగంగా పోతారు!

ఈ గుట్టు పట్టింది ఆ ఊరి ముసలి నేతగాడు వీరప్ప మనవరాలు వినోదిని. కాలేజీలో బొమ్మలు గీయడం నేర్చుకుంటోంది. నెల కిందట అక్కడే ఒక బైకు తగిలి కాలు విరిగింది. కట్టు ఇంకా విప్పలేదు. వేలూరులో రోడ్డు భద్రత కమిటీ ఈసారి కుర్రకారును కూడా పిలిచింది. మీకు తోచింది బొమ్మ గీసి చూపండి, బాగుంటే అమలు చేస్తాం అంది. సోమవారమే సభ.

"తాతా, నువ్వొచ్చి ఒక్క మాట చెప్పల్ల. దెయ్యం బయంతోనే జోరుగా తోల్తామని."

"అరవై ఎనిమిదేండ్లోణ్ని, కలెక్టరాఫీసులో ఆ మాట చెప్పల్నా? పోమ్మా! బొమ్మలు గీస్తే రోడ్లు మారతాయా యాడన్నా?"

"వాళ్లు ఒప్పుకోకుంటే ఆడ ఇంకోరి కాలు పోతాది తాతా."

వీరప్ప వినలేదు.

శనివారం రాత్రి ఆయన చుట్టాలింటి నుంచి మోపెడ్ మీద తిరిగొస్తున్నాడు. పాత బండి. దాని దీపం సంగతి తోలినవాళ్లకే తెలుసు — నెమ్మదిగా పోతే మిణుకుమంటుంది, జోరు పెంచితేనే వెలుగుతుంది. అలాంటి బండితో ఎన్ని అగచాట్లో... సరే, అది వేరే కథ.

మలుపు వచ్చింది. చెయ్యి దానంతటదే తిరిగింది. దీపం భగ్గుమంది—

రోడ్డుకు అడ్డంగా... మోకాలెత్తున... తెల్లటి పడుగు!

వందల పోగులు. కింద వాటి నీడ.

పరాయివాడైతే ఏమనుకునేవాడో గానీ, నేతింటి బిడ్డ సాగదీసిన పడుగు మీద కాలు పెట్టడు. వీధిలో గంజి పెట్టి ఆరేసిన పడుగును చిన్నప్పుడు ఒకసారి దాటినందుకు అమ్మ కొట్టిన దెబ్బలు వీరప్ప వీపుకు ఇంకా గుర్తే. రెండు చేతులా బ్రేకు పట్టాడు. చక్రం మొదటి పోగును రాసుకుని ఆగింది.

నిశ్శబ్దం...

కొట్టంలోంచి గుసగుస — "తొక్కద్దప్పా..."

"రంగరాజులూ! తొక్కలేదు నాయనా! చూడు, తొక్కలేదు!" అని రెండు చేతులూ జోడించాడు.

కిసుక్కున నవ్వు. చంకకర్ర మీద వినోదిని, వెనకాలే రంగు డబ్బాతో ఆమె స్నేహితుడు సెల్వం బయటికొచ్చారు.

"నలభై ఒకటో బండి తాతా! అన్నీ నెమ్మదించినాయి. దండం పెట్టింది మాత్రం నువ్వొక్కడివే."

వీరప్ప వంగి తడిమాడు. తారు మీద నీడతో సహా గీసిన రంగు బొమ్మ, అంతే. పంచాయతీవాళ్లు వారం రోజులకు ఒప్పుకున్నారట.

"హడలగొట్టి సంపుతారా, గాడ్దెల్లారా!" అని తిట్టాడు గానీ, ఆ పనితనానికి లోపల ముచ్చటేసింది. అప్పుడే మళ్లీ రంగేసిన, ఇంకా ఆరని మొదటి పోగు మాత్రం ఆయన చక్రం తగిలి చెదిరింది.

నన్నే దడిపిస్తారా, ఉండండి అనుకున్నాడు. సోమవారం తెల్లవారకముందే ఒంటరిగా వెళ్లి, చెదిరి తెగినట్టున్న ఆ పోగుకు నేతగాళ్లు వేసే సన్నటి ముడి రంగుతో గీసి వచ్చాడు. పిల్లలు చూసి జడుసుకోవాలని!

సభకు కూడా తనే ముందు బయల్దేరాడు. లేచి నిలబడి, "దెయ్యానికి బయపడి జోరుగా తోలేటోళ్లలో నేనూ ఒకణ్ని సార్," అన్నాడు. "ఈ బిడ్డలు ఆ దెయ్యాన్నే మన పక్కకు తిప్పినారు."

సభంతా నవ్వింది. ఇంజనీరు మాత్రం నవ్వలేదు. "రంగు చెదిరిపోతే ఎవరు చూసుకుంటారు పెద్దాయనా?"

"చూసుకునేటోడు ఆడనే ఉండాడు సార్." గోటి కిందున్న తెల్లరంగును వీరప్ప పైపంచె చాటున దాచుకున్నాడు.

కళ్లారా చూశాకే ఒప్పుకుంటామని కమిటీవాళ్లు ఆ సాయంత్రమే జీపులో వచ్చారు. వచ్చేసరికి మసకపడింది. మలుపు దగ్గర డ్రైవరు, ఎవరూ చెప్పకుండానే, బ్రేకు తొక్కాడు. ఇంజనీరు అక్కడే నిలబడి ఆరు నెలలకు మంజూరని రాసేశాడు. వినోదిని కళ్లు తుడుచుకుంది.

ఇంజనీరు టార్చి వేసి వంగాడు. "భలే ఉండాదమ్మా. తెగిన పోగులకు ముళ్లు కూడా వేసినారే!"

పిల్లల మొహాలు పాలిపోయాయి. "ముళ్లా...? మేం వెయ్యలేదు సార్," అన్నాడు సెల్వం.

వీరప్ప మీసాల్లో నవ్వుకున్నాడు.

"ఒకటి... రెండు..." ఇంజనీరు టార్చి మెల్లగా అవతలి అంచుదాకా పోయింది. "...ఏడు."

వీరప్ప వేసింది ఒక్కటే.